పాత శాంప్లర్ ఎవరి సొత్తు?

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బేరమాడతాం, దుమ్ము దులుపుతాం, చంకలో పెట్టుకుని ఇంటికొస్తాం. మొదటి పేజీలో ఎవరో ఎవరికో పెళ్ళిరోజు కానుకగా ఇచ్చినట్టు రాసున్నా మనకొచ్చిన ఇబ్బందేం లేదు. ఆ పుస్తకం వేసిన ప్రచురణకర్తకి ఉత్తరం రాసి "అయ్యా, ఈ ప్రతిని ఇకనుంచి నా పేరు మీదకి మార్చండి" అని అడిగినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. కానీ 2009లో వచ్చిన కాంటాక్ట్ 4 అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే అచ్చంగా ఆ పనే చెయ్యాలి. (సాఫ్ట్‌వేర్‌ని మృదులాంత్రం అనమంటారు కొందరు మిత్రులు. నాకు నోరు తిరగదు, మన్నించాలి.)

పుస్తకాల సంగతి కూడా పుట్టుకతో ఇంత సుఖంగా ఏమీ లేదు. 1900ల మొదట్లో అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ "ది కాస్టవే" అనే నవల వేసి, లోపల ఒక హెచ్చరిక అచ్చేసింది: దీని ధర ఒక డాలరు, అంతకన్నా తక్కువకి అమ్మితే కాపీరైటు ఉల్లంఘన కింద లెక్క. మేసీస్ దుకాణం వాళ్ళు దాన్ని 89 సెంట్లకి అమ్మారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1908లో కోర్టు చెప్పిందేమిటంటే, ఒకసారి మీరు ప్రతిని అమ్మేశాక ఆ ప్రతి మీద మీ పెత్తనం అయిపోయింది, లోపల ఏం అచ్చేసుకున్నా సరే. దీన్నే మొదటి అమ్మకం సూత్రం అంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేస్తామే, ఆ కాగితం గుర్తొస్తోందా? ఆ నవల్లోని హెచ్చరిక దానికి ముత్తాత అన్నమాట. ముత్తాత కోర్టులో ఓడిపోయాడు, మునిమనవడు గెలిచాడు. మధ్యలో ఏం జరిగిందన్నదే కథ.

శాంప్లర్ అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అసలు వాయిద్యాన్ని స్వరం స్వరం చొప్పున రికార్డు చేసిపెట్టుకుని, కీబోర్డు మీద మెట్టు నొక్కగానే ఆ రికార్డు వినిపించే యంత్రం. 1963లో బర్మింగ్‌హామ్‌లో తయారవడం మొదలైన మెలోట్రాన్‌లో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. ఎనిమిది సెకన్లు మోగాక టేపు అయిపోయేది, వేలెత్తి మళ్ళీ నొక్కాల్సిందే. 1979లో ఆస్ట్రేలియా నుంచి ఫెయిర్‌లైట్ వచ్చింది, టేపు పోయి 8 బిట్ల డిజిటల్ మెమరీ వచ్చింది. ధర మాత్రం ఇల్లు కొనేంత. 1981లో ఈము వాళ్ళ ఎమ్యులేటర్, తర్వాత 1,700 డాలర్ల లోపు దొరికిన ఎన్సోనిక్ మిరాజ్, 1988లో ఆకాయ్ ఎస్1000. అలా పదేళ్ళలో ఈ యంత్రాలు కోటీశ్వరుల గదుల్లోంచి మామూలు స్టూడియోల్లోకి దిగాయి.

ఈ యంత్రాల్ని చేతులు మార్చడానికి ఎవరికీ ఏ సమస్యా రాలేదు. పెట్టె మీది, అమ్ముకున్నారు, అంతే. పెట్టెలో ఉన్న ప్రోగ్రాము కూడా పెట్టెతోపాటే పోయింది. ఆకాయ్ లోపల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉందనీ, దానికో లైసెన్సు ఉంటుందనీ కొన్నవాడికీ పట్టలేదు, అమ్మినవాడికీ పట్టలేదు.

చిక్కు ముందుగా మొలిచింది శాంపిల్ సీడీల దగ్గర. వయొలిన్లు, తబలా, పియానో రికార్డు చేసి సీడీల్లో అమ్మే వ్యాపారం 1990లలో బాగా పెరిగింది. ఈ శబ్దాల్ని మీ పాటల్లో వాడుకోండి, మళ్ళీ రాయల్టీ కట్టక్కర్లేదు, కానీ ఆ హక్కు మొదట కొన్నవాళ్ళకే అని సన్నటి అక్షరాల్లో రాసేవారు. వాళ్ళ బాధలో న్యాయం లేకపోలేదు. ఆర్కెస్ట్రాకి డబ్బులిచ్చి, హాలు అద్దెకి తీసుకుని నెలల తరబడి రికార్డు చేస్తే, ఒకడు కొని, హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుని, సీడీ ఇంకొకడికి అమ్మేస్తే? పుస్తకం అమ్మేశాక మన దగ్గర పుస్తకం ఉండదు. సీడీ అమ్మేశాక మన దగ్గర అంతా ఉంటుంది. ఈ ఒక్క తేడాని పట్టుకునే తర్వాతి ముప్పయ్యేళ్ళ వాదనంతా నడిచింది.

ఇప్పుడు మన శాఖకి సంబంధించిన ముచ్చట. ఆకాయ్ ఎస్1000లో మామూలుగా వచ్చే మెమరీ 2 ఎమ్బీ, పెంచుకుంటే 32. సీడీ నాణ్యతలో ఒక్క సెకను మోనో శబ్దానికి 88,200 బైట్లు కావాలి. అంటే 2 ఎమ్బీలో పట్టేది సుమారు 24 సెకన్లు! మరి పియానో సంగతి చూడండి. ఒక్క స్వరం నొక్కి వదలకుండా ఉంటే హాయిగా 20 సెకన్లు మోగుతుంది. స్టీరియోలో అది మూడున్నర ఎమ్బీ. 88 మెట్లు, ఒక్కోటి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ఇంకా గట్టిగా అని నాలుగు రకాలు. గుణిస్తే 1.2 జీబీ పైచిలుకు. 1998లో మంచి కంప్యూటర్లో ర్యామ్ ఎంత? 64 ఎమ్బీ, డబ్బున్నవాళ్ళకి 128. అందుకే అప్పటిదాకా పియానో శాంపిళ్ళని చిన్న ముక్కగా కోసి, ఆ ముక్కనే గుండ్రంగా తిప్పి తిప్పి వినిపించేవారు. ఎనభైల, తొంభైల కీబోర్డుల్లో పియానో అదోలా డబ్బా కొట్టినట్టు వినిపించడానికి అదొక కారణం.

1998లో నెమెసిస్ అనే అమెరికన్ కంపెనీ గిగాశాంప్లర్ తీసుకొచ్చింది. ఆలోచన ఎంత సులువైనదంటే, "మనకెందుకు తట్టలేదు" అని వళ్ళుమండేంత. మొత్తం శాంపిల్‌ని ర్యామ్‌లో పెట్టకు. ప్రతి శాంపిల్‌లో మొదటి చిన్న ముక్క మాత్రమే పెట్టు. మెట్టు నొక్కగానే ఆ ముక్కతో శబ్దం మొదలుపెట్టు, అది అయిపోయేలోపు మిగతాది హార్డ్ డిస్కు నుంచి తెచ్చుకో. ఉదాహరణకి ఒక్కో శాంపిల్‌కి 64 కేబీ చొప్పున పెట్టుకున్నా, పైన చెప్పిన 352 శాంపిళ్ళకి 22 ఎమ్బీ సరిపోతుంది. మోనో శాంపిల్‌లో 64 కేబీ అంటే ముప్పావు సెకను, స్టీరియోలో అందులో సగం. డిస్కు కదిలి డేటా తేవడానికి అది బోలెడు సమయం. విండోస్ మీద ఆలస్యం లేకుండా మోగాలని ఇంజిన్‌ని నేరుగా కెర్నెల్ స్థాయిలో నడిపారు, దానికోసం సౌండ్ కార్డులకి ప్రత్యేకమైన డ్రైవర్లు రాయించారు. తర్వాత వాళ్ళ కొంప ముంచిన వాటిలో అదొకటి అని నా ఉద్దేశం. కెర్నెల్లో కాపురం పెట్టినవాడికి ప్రతి కొత్త విండోసూ ఒక గండమే.

2001లో టాస్కామ్ వాళ్ళు నెమెసిస్‌ని కొన్నారు. గిగాస్టూడియో 3 2004లో వచ్చింది. ఈలోగా పోటీ చుట్టుముట్టింది: 2000లో ఎమాజిక్ వాళ్ళ ఈఎక్స్ఎస్24, 2001లో స్టైన్‌బర్గ్ హాలియన్, 2002లో బెర్లిన్ నుంచి నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ కాంటాక్ట్. వీటన్నిటికీ విడిగా ఒక కంప్యూటర్ అక్కర్లేదు, పాట రికార్డు చేసే ప్రోగ్రాములోనే ప్లగిన్‌గా కూర్చుంటాయి. 2008లో టాస్కామ్ గిగాస్టూడియోని ఆపేసింది. 2009లో ఆ టెక్నాలజీని గ్యారిటన్ కొనుక్కుంది గానీ, గిగాస్టూడియో అన్న పేరుతో మళ్ళీ ఏదీ మార్కెట్లోకి రాలేదు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, మా బావగారికి విజయవాడలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. భక్తి పాటలు, ఎన్నికల పాటలు, ఎఫ్ఎమ్ ప్రకటనలు. 2003 నుంచి ఐదారేళ్ళు ఆయన చేసిన ప్రతి పాటా గిగా ఫైళ్ళ మీదే ఆధారపడింది. నాదస్వరం, డోలు ఆయనే మనుషుల్ని పిలిపించి, మెట్టు మెట్టుకీ రికార్డు చేసి, తన సొంత గిగ్ ఫైళ్ళు తయారుచేసుకున్నాడు. వాయించిన పెద్దాయన ఇప్పుడు లేరు. కంప్యూటర్ పోయింది, ఆక్టివేషన్ పోయింది, హార్డ్ డిస్కు మాత్రం భద్రంగా ఉంది. శబ్దం ఆయనది, ఖర్చు ఆయనది, మనుషులు ఆయన మనుషులు. తాళం మాత్రం ఇంకెవరిదో. "ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఇది తెరిచిపెట్టు" అన్నాడు. మన ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ అంటే ప్రింటర్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ మనమే కదా :-)

ఇలాంటి అవసరాలున్నవాళ్ళే పాత వెర్షన్ల కోసం వెతుకుతారు. కొత్తది కొనలేక కొంతమంది వస్తారు, నిజమే. పాతది కొని, దాన్ని చూపించి తక్కువ ధరకి కొత్త వెర్షన్‌కి ఎక్కుదామని ఇంకొంతమంది వస్తారు. ఇది లెక్కగా చూస్తే తెలివైన పనే. కానీ ఎక్కువమంది పాత పాటలు పాతగానే మోగాలని వస్తారు. పాత కాంటాక్ట్‌లో గిగా, ఆకాయ్ ఫార్మాట్లని తెచ్చుకునే వసతి ఉండేది. పాత మ్యాక్ మీద, పాత 32 బిట్ల ప్రోగ్రాములో ఉన్న ప్రాజెక్టుకి కొత్త వెర్షన్ ఎందుకూ పనికిరాదు.

తాళాల విషయంలో ఒక తమాషా ఉంది. ఆ రోజుల్లో డాంగిల్‌ని తిట్టనివాడు లేడు. పోగొట్టుకుంటే సాఫ్ట్‌వేర్ మొత్తం పోయినట్టే. కానీ డాంగిల్ ఉన్నన్నాళ్ళూ సాఫ్ట్‌వేర్‌కి ఒక దేహం ఉండేది. లాజిక్ ప్రోగ్రాముకి ఉన్న తాళాన్ని ఎవరికైనా చేతికిస్తే, ఇక నా దగ్గర అది నడవదు, అతని దగ్గర నడుస్తుంది. పుస్తకం చేతులు మారినట్టే. 2002లో ఆపిల్ ఎమాజిక్‌ని కొని, విండోస్ వెర్షన్ ఆపేసింది. 2007లో లాజిక్ 8తో డాంగిల్ తీసేసింది, అందరం చప్పట్లు కొట్టాం. 2011 చివర్లో లాజిక్ ఆప్ స్టోర్‌లోకి వెళ్ళింది. అక్కడ కొన్నది మీ అకౌంటుకి అతుక్కుపోతుంది. ధర బాగా తగ్గింది, దాంతోపాటు సెకండ్ హ్యాండ్ అన్నదే మాయమైపోయింది. స్టైన్‌బర్గ్ కూడా తన పాత డాంగిల్ పద్ధతి సేవని 2025 మేతో ముగిస్తున్నట్టు ప్రకటించింది. ఏనుగుని అమ్మి అంకుశం దగ్గర పేచీ పెట్టడం అంటారే, డాంగిల్ లేకుండా పాత హాలియన్ పెట్టె మాత్రం అమ్మజూపే పెద్దమనుషులు అచ్చం అలాంటివాళ్ళే.

ఇక కోర్టులకొద్దాం. శాంప్లర్ల మీద నాకు తెలిసిన పెద్ద తీర్పు లేదు గానీ, అచ్చంగా పాత వెర్షన్ అమ్మకం మీదే ఒకటుంది. తిమోతీ వెర్నర్ అనే ఆయన ఈబేలో పాత సరుకులు అమ్ముకునేవాడు. సియాటిల్‌లో ఒక ఆర్కిటెక్టు సంస్థ ఆటోక్యాడ్ రిలీజ్ 14 నుంచి ఆటోక్యాడ్ 2000కి తగ్గింపు ధరలో మారింది. మారినందుకు పాత కాపీలు నాశనం చెయ్యాలని షరతు. వాళ్ళు చెయ్యలేదు, 2007లో వెర్నర్‌కి అమ్మారు. ఈయన ఈబేలో పెట్టాడు. ఆటోడెస్క్ ఫిర్యాదులు చేసి తీయించింది, వెర్నరే కోర్టుకెక్కాడు. కింది కోర్టు 2008లో వెర్నర్ వైపు చెప్పింది. 2010 సెప్టెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తిరగేసింది. కంపెనీ ఇది లైసెన్సు అని చెప్పి, చేతులు మారడాన్ని గట్టిగా కట్టడి చేసి, వాడకం మీద కూడా చెప్పుకోదగ్గ ఆంక్షలు పెడితే, మీరు యజమాని కాదు, కేవలం లైసెన్సుదారు అంది. యజమాని కానివాడికి మొదటి అమ్మకం సూత్రం వర్తించదు. మీరు గమనించారో లేదో, ఆంక్షలు ఎన్ని ఎక్కువ పెడితే కంపెనీకి అంత రక్షణ! 1908లో చెల్లని హెచ్చరిక, పదాలు మార్చుకుని 2010లో చెల్లింది.

యూరప్‌లో దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది. యూజ్డ్‌సాఫ్ట్ అనే జర్మన్ సంస్థ ఒరాకిల్ లైసెన్సుల్ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మేది. 2012 జులై 3న యూరోపియన్ కోర్టు తీర్పిచ్చింది: డబ్బు తీసుకుని, కాలపరిమితి లేకుండా వాడుకునే హక్కు ఇస్తే, దాన్ని మీరు ఏ పేరుతో పిలిచినా అది అమ్మకమే. డౌన్‌లోడ్ చేసుకున్న కాపీ అయినా సరే. దానికి షరతులు పెట్టింది. అమ్మేవాడు తన కాపీని పనికిరాకుండా చెయ్యాలి, పాతికమంది కోసం కొన్న లైసెన్సుని ముక్కలు చేసి అమ్మకూడదు. అమ్మేవాడు నిజంగా తీసేశాడా లేదా అని చూసుకోవడానికి కంపెనీ ప్రోడక్ట్ కీ లాంటి ఏర్పాట్లు చేసుకోవచ్చు అని కూడా అంది. పైన శాంపిల్ సీడీల వాళ్ళు పడ్డ బాధకి ఇది సరైన జవాబని నాకనిపిస్తుంది. నీ దగ్గర తీసేశావా, అమ్ముకో. అంతే. కాకపోతే 2019 డిసెంబరులో అదే కోర్టు ఈ-పుస్తకాల విషయంలో ఈ సూత్రం పనిచెయ్యదంది. అంటే యూరప్‌లో వాడిన ప్రోగ్రాము అమ్మొచ్చు, చదివిన ఈ-పుస్తకం అమ్మకూడదు. మరి శాంపిల్ లైబ్రరీ ప్రోగ్రామా, రికార్డింగా? లోపల రెండూ ఉన్నాయి. లాయర్లకి మంచి గిరాకీ.

మన దేశం సంగతి ఇంకా రంజుగా ఉంటుంది, పైగా అది మన రాష్ట్రం పేరు మీదే ఉంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు అమ్మితే అమ్మకం పన్ను కట్టమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అడిగింది. ఇది మేధో సంపత్తి, సరుకు కాదు అని కంపెనీ వాదన. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, సీడీలోకి ఎక్కించి అమ్ముతున్నారు కాబట్టి ఇది సరుకే, పన్ను కట్టాల్సిందే అంది. ఆ కేసులో ప్రస్తావించిన ప్యాకేజీల్లో ఒరాకిల్ కూడా ఉంది చూశారా! పన్ను దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వానికి అది బియ్యం బస్తా లాంటి సరుకు. తిరిగి అమ్ముకునే దగ్గరికొచ్చేసరికి కంపెనీకి అది ఉట్టి అనుమతి. మధ్యలో కొన్నవాడు సరుకుకి పన్నూ కట్టాలి, సరుకు మీద హక్కూ వదులుకోవాలి.

మన కాపీరైటు చట్టంలో 1994 సవరణ కంప్యూటర్ ప్రోగ్రాము విషయంలో చాలా కఠినంగా ఉండేది: ఆ కాపీ ఇంతకుముందు అమ్ముడైనా సరే, మళ్ళీ అమ్మే హక్కు కాపీరైటుదారుదే. 1999లో ఆ "ఇంతకుముందు అమ్ముడైనా సరే" అన్న మాటల్ని తీసేశారు. పార్లమెంటు ఊరికే తీసెయ్యదు కదా. 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలసిస్ కేసులో సుప్రీంకోర్టు ఆదాయపన్ను వివాదం మీద తీర్పిస్తూ, మామూలు వినియోగదారుడు సాఫ్ట్‌వేర్‌కి కట్టేది కాపీరైటు మీద రాయల్టీ కాదు, కాపీరైటు ఉన్న ఒక వస్తువుకి ధర అంది. అది పన్ను కేసు, సెకండ్ హ్యాండ్ అమ్మకాల మీద సూటిగా చెప్పింది కాదు. అయినా గాలి ఎటు వీస్తోందో కొంచెం తెలుస్తుంది.

అయితే ఏ చట్టం ఏమన్నా, చివరికి తలుపు తీసేది ఆక్టివేషన్ సర్వరు. ఇది మనకి తెలిసినంతగా జడ్జీలకి తెలియదు. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు అమ్మేవాడి అకౌంటు నుంచి కొనేవాడి అకౌంటుకి లైసెన్సు మార్చే పద్ధతి పెట్టారు. ఇది మర్యాదైన పద్ధతి. మొదట కొన్న వెర్షన్, దాని మీద కొన్న అప్‌గ్రేడ్ కలిసే పోవాలి, విడదీసి పాతదొకరికి కొత్తదొకరికి అమ్మడం కుదరదు. కట్టగా కొన్న వాటిలోంచి ఒకటి లాగి అమ్మడమూ కుదరదు. ఈస్ట్‌వెస్ట్ లాంటి కొన్ని లైబ్రరీ కంపెనీలైతే లైసెన్సు చేతులు మారడాన్నే ఒప్పుకోవు. నేనొకసారి ఒక లైబ్రరీ కంపెనీకి (పేరు అనవసరం) రాస్తే, అసలు కొన్న మనిషి చనిపోయినా కూడా మార్చం అని రెండు లైన్ల జవాబొచ్చింది.

కాబట్టి కొనేవాళ్ళకి నేను చెప్పేది, పెట్టెనీ సీడీల్నీ చూసి మురిసిపోకండి. ముందు కంపెనీ ఒప్పుకునే బదిలీ ఉందా చూడండి, ఆ బదిలీ పూర్తయ్యాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి. విద్యార్థి కాపీయా, ఉచితంగా ఇచ్చిన కాపీయా అడగండి, వాటికి షరతులు వేరేగా ఉంటాయి. కాంటాక్ట్‌లో ఇంకో మెలిక ఉంది: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన వాయిద్యం పాత వెర్షన్‌లో తెరుచుకోదు. 5 కొని, ఈమధ్య వచ్చిన లైబ్రరీలు వాడదామంటే కుదరదు. పాత లైబ్రరీలకైతే పాతదే బంగారం.

మా బావగారి డిస్కు సంగతి చెప్పలేదు కదూ. గిగాస్టూడియో కోసం వెతకడం మానేసి, లైనక్స్‌శాంప్లర్‌తో ప్రయత్నించాం. గిగ్ ఫార్మాట్‌ని కొందరు ఓపిగ్గా విప్పి, అర్థం చేసుకుని, సోర్సుతో సహా బయటపెట్టిన పని అది. నాదస్వరం ఫైలు మొదటిసారికే తెరుచుకుంది. గిగాస్టూడియో 3లో ఉండే గిగాపల్స్ ప్రతిధ్వని మాత్రం రాలేదు, అది వాళ్ళ ఇంజిన్‌లోదే. డోలు ఫైళ్ళు పదకొండింటిలో రెండు చెడిపోయి ఉన్నాయి. మిగతావన్నీ వేవ్ ఫైళ్ళుగా బయటికి తీసి, మూడు డిస్కుల్లో పెట్టి, ఒకటి మా ఇంట్లో ఉంచుకున్నాను. ప్రతిధ్వని లేకుండా వింటుంటే, పెద్దాయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.